కొసరి వడ్డించే ఇంట్లో చిన్న కడుపు

మా ఇంట్లో బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లం ఇద్దరం. యాభై దాటాక ఇన్సులిన్ మోతాదు ఏటేటా పెరుగుతూ, మోకాళ్లు మెట్లెక్కనివ్వని రోజుల్లో నేను బైపాస్ చేయించుకున్నాను. కొన్నేళ్ల తర్వాత మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో స్లీవ్ చేయించుకున్నాడు. అప్పట్నుంచి తెనాలి చుట్టుపక్కల మా బంధువుల్లో ఎవరింట్లో ఈ మాట వచ్చినా నాకు ఫోను వస్తుంది. అందరూ అడిగేవి రెండే: ఎన్ని కిలోలు తగ్గారు, ఎంత ఖర్చయింది. మూడో వారంలో ఏం తిన్నారు, పెళ్లి పంక్తిలో ఎలా కూర్చున్నారు, అయిదేళ్ల తర్వాత రక్తపరీక్షలో ఏం తేలింది అని ఎవరూ అడగరు. నేను చెప్పాల్సిందంతా అక్కడే ఉంది. సర్జన్ పని థియేటర్లో ఒక పూటతో అయిపోతుంది. మిగతా పనంతా వంటింట్లో, కంచం ముందు.

1. కోసింది మన కడుపుని, మన ఇంటిని కాదు.

స్లీవ్‌లో పొట్టసంచిని నిలువునా కత్తిరించి ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు, సన్నని గొట్టం మాత్రం మిగులుతుంది. బైపాస్‌లో కడుపు పైభాగాన రెండు టేబుల్ స్పూన్లు పట్టేంత చిన్న సంచీ చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది గానీ తిండి దానిలోకి పోదు. బైపాస్ నిన్నమొన్నటి పద్ధతి కాదు. అల్సర్‌కి కడుపు కోయించుకున్నవాళ్లు మళ్లీ ఒళ్లు చేయడం లేదని గమనించి, అమెరికాలో అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో దీన్ని బరువు కోసం మొదలుపెట్టాడు.

ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలే తెలియదు. మావాడు మధ్యాహ్నం రెండయినా అన్నం సంగతి గుర్తులేక కూర్చునేవాడు. కానీ కడుపాకలి పోయినంత మాత్రాన నోటి ఆకలి పోదు. పక్కింట్లో ఇంగువ తాలింపు వేస్తే ముక్కు అటే తిరుగుతుంది. నాలుగింటికి కాఫీతో ఏదో ఒకటి నమలాలనే అలవాటుని ఏ సర్జనూ కోయలేడు. ఇంట్లో నలుగురూ ఎప్పట్లాగే వండుకుని, ఎప్పట్లాగే తింటూ, మనల్ని మాత్రం మారమంటారు. అందుకే ఆపరేషన్‌కి ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. సాయంత్రం పూట నూనెమూకుడు పొయ్యి మీదికి రాకూడదని మా ఇంట్లో కోడలు తీర్మానించింది. ఆ అమ్మాయి తీర్మానం లేకపోతే నా సంగతి వేరేగా ఉండేదేమో.

2. ఉగ్గుగిన్నె బయటికి తీయండి.

మొదటి రెండు వారాలు ద్రవాలే. ఆ తర్వాత గుజ్జుగా చేసినవి, ఆపైన మెత్తనివి, రెండు నెలలకి మామూలు తిండి. ఏ ఆసుపత్రి కాగితం ఆ ఆసుపత్రిది, రోజులు కాస్త అటూ ఇటూ ఉంటాయి. మీకిచ్చిన కాగితమే మీకు ప్రమాణం, నాది కాదు.

అటక మీద పెట్టెలో మా మనవరాలి ఉగ్గుగిన్నె ఉండేది. ముక్కు ఉన్న చిన్న వెండి గిన్నె. నాకు అదే కొలత అయింది. అందులో పప్పుకట్టు పోసుకుని, గుటకకీ గుటకకీ మధ్య ఆగుతూ తాగితే గిన్నె అయ్యేసరికి పావుగంట పట్టేది. పెసరపప్పుని బోలెడు నీళ్లతో మెత్తగా ఉడికించి, కదపకుండా పైన తేరిన కట్టు వంచుకుని, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి వేసుకోవాలి. తాలింపు వద్దు, కారం వద్దు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. కట్టు నాలుకకి హాయి, గొంతుకి హాయి, కానీ పప్పులోని బలం అడుగున పప్పులోనే ఉండిపోతుంది. ఆ రోజుల్లో డాక్టర్లు రాసే ప్రోటీన్ పొడి వాసన నచ్చక కట్టుతో సరిపెట్టుకునేవాళ్లని చూశాను. నెల తిరిగేసరికి లేచి నిలబడలేకపోయారు.

నడక ఆపరేషన్ అయిన పూటే మొదలుపెట్టిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి అది. చుట్టాలు వచ్చి "పాపం, పడుకోనివ్వండి" అంటారు. వాళ్ల మాట వినకండి. ఇంటికొచ్చాక జ్వరం, తగ్గని గుండె దడ, ఎడమ భుజంలో నొప్పి, పెరిగే కడుపునొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కుట్టు దగ్గర లీకయినా, గడ్డ ఊపిరితిత్తికి చేరినా మొదటి గుర్తులు ఇవే.

3. ముద్ద అడ్డుపడుతుంది.

అన్నం మనల్ని మోసం చేస్తుందని ఎవరూ అనుకోరు. మూడు నెలలయింది కదా అని మావాడు ఓ ఆదివారం వేడి వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుని మూడు ముద్దలు గబగబా తిన్నాడు. నాలుగోదానికి చెయ్యి ఆగింది. రొమ్ము మధ్య ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టుందన్నాడు. నోట్లో లాలాజలం తీగలు తీగలుగా, నురగలా ఊరుతోంది. "అత్తా, మింగనూ లేను, కక్కనూ లేను" అంటూ వసారాలో అటూ ఇటూ తిరిగాడు. వాళ్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆవిడ చేతిలోంచి చెంబు లాక్కున్నాను. పైన అడ్డు ఉన్నప్పుడు నీళ్లు పోస్తే అవీ పైనే నిలుస్తాయి, నొప్పి రెట్టింపవుతుంది. తినడం ఆపి, నిలబడి, మెల్లగా నడిస్తే చాలాసార్లు అదే దిగుతుంది, లేదా పైకి వచ్చేస్తుంది. గంటలు గడిచినా ఉమ్మి కూడా దిగకపోతే ఆసుపత్రే.

అడ్డుపడేవి ఏవో ఎవరికి వాళ్లకి తెలిసొస్తాయి. మా ఇద్దరికీ కుదిరిన జాబితా చెబుతాను: మెతుకు మెతుక్కి అంటుకున్న ముద్దన్నం, మెత్తని బ్రెడ్డు, చల్లారిన చపాతీ, పొడిపొడిగా వేయించిన కోడిమాంసం, బత్తాయి తొనల పొర, మునక్కాయ పీచు, తోటకూర కాడలు. మెత్తనిదే సులువుగా దిగుతుందనుకుంటాం గానీ బ్రెడ్డు కంటే కరకరలాడే పెసరట్టు నయం. బ్రెడ్డు లోపల పిండిముద్దయి కూర్చుంటుంది. పులుసులో ఉడికిన కొరమీను ముక్క, ఉడికించిన గుడ్డు, పలచని పప్పు బాగా దిగుతాయి.

వడ్డించుకునే వరస కూడా మారాలి. మనకి అన్నం మధ్యలో, కూర పక్కన. ఇక మీదట కూర, పప్పు, గుడ్డు మొదట. అన్నం చివర, చోటుంటేనే. ఆవకాయ ఎప్పట్నుంచి అని అడిగేవాళ్లుంటారు. గుంటూరు జిల్లా వాళ్లయితే తప్పకుండా అడుగుతారు. డాక్టరు ఒప్పుకున్నాక, ఊట మాత్రం, చూపుడువేలి కొసన.

4. భోజనంతో నీళ్లు వద్దు.

తినేముందు కాసేపు, తిన్నాక అరగంట నీళ్లు ముట్టకూడదు. నీళ్లు పోస్తే తిండి త్వరగా జారిపోయి కడుపు నిండిన భావం నిలవదు, బైపాస్ అయినవాళ్లకి కళ్లు తిరగొచ్చు కూడా. పక్కన మంచినీళ్ల గ్లాసు లేకుండా కంచం ముందు కూర్చోవడం మనవాళ్లకి అరిష్టంలా ఉంటుంది, అయినా తప్పదు. చివర మజ్జిగన్నం కలుపుకునే అలవాటూ పోవాలి. మజ్జిగని విడిగా, మధ్యాహ్నం మూడింటికి తాగండి.

తంటా ఎక్కడంటే, ఒక్కసారిగా గ్లాసుడు నీళ్లు తాగే రోజులు పోయాయి, ఒంటికి మాత్రం రోజుకి లీటరున్నరకి తగ్గకుండా కావాలి. అంటే రోజంతా గుటకలే. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకి మే నెలలో ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మూత్రం ముదురు పసుపు రంగుకి తిరిగితే మీరు వెనకబడ్డారని లెక్క. సోడాలు, గ్యాసు పానీయాలు మానేయండి.

5. అరవై గ్రాముల లెక్క.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్, వీలైతే 80 దాకా తినమంటారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. గ్లాసు పాలలో కూడా ఇంచుమించు అంతే. వంద గ్రాముల పనీర్‌లో పద్దెనిమిది దాకా. గట్టి పప్పు కప్పుడు తింటే ఏడెనిమిది. ఇక మీ కంచం మీరే లెక్కేసుకోండి. అన్నం, చారు, వంకాయ కూర, అప్పడంతో పూట గడిచిపోయే శాకాహార ఇళ్లలో ఈ లెక్క తేలేది కాదు. పప్పు చాలు, పప్పే బలం అని మన పెద్దవాళ్లు నమ్మకంగా చెబుతారు. చిన్న కడుపుకి అంత పప్పు పట్టదు. పనీర్, గట్టి పెరుగు, సోయా, అవసరమైతే పొడి కలపక తప్పదు. లెక్క తప్పితే ఒళ్లు కొవ్వుతో పాటు కండని కూడా తినేస్తుంది. కిలోల కాటా ఆ తేడా చూపించదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవగలరా లేదా అన్నది చూపిస్తుంది.

6. తీపి పగబడుతుంది.

బైపాస్ తర్వాత పూతరేకులు, తాపేశ్వరం కాజా, బొబ్బట్టు లాంటివి సరాసరి చిన్నపేగులోకి దిగుతాయి. పేగు ఒక్కసారిగా నీటిని లాక్కుంటుంది. పావుగంట, అరగంటలో కడుపులో మెలి, దడ, చెమటలు, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. రెండో రకం ఇంకా మాయగా ఉంటుంది. తీపి తిన్న గంట నుంచి మూడు గంటల లోపు, ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు కొద్దిగా చక్కెర నీళ్లు తాగి, వెంటనే గుడ్డో పాలో తీసుకోవాలి. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకి చెప్పాలి. ఉపవాసం ఉండి సాయంత్రం పానకంతో విడిచేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. కార్తీక సోమవారాలు ఎలా అని నన్ను అడిగే ఆడవాళ్లున్నారు. దీపం పెట్టుకోండి, గుడికి వెళ్లండి, ఉపవాసం మాత్రం డాక్టరు అనుమతితోనే. శివుడికి అభ్యంతరం ఉండదు.

7. మాత్రలు ప్రాణం ఉన్నంతకాలం.

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. మొదటి ఏడాది బుద్ధిగా వేసుకుంటారు, రెండో ఏడాది "బాగానే ఉన్నాను కదా" అంటారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ, మల్టీవిటమిన్, ఇవి పథ్యం రోజుల మందులు కావు. కడుపులో ఆమ్లం తగ్గింది, దారి మారింది, కాబట్టి తిండిలోంచి వీటిని ఒళ్లు మునుపటిలా లాక్కోలేదు. బీ12 నిల్వ కాలేయంలో ఏళ్ల తరబడి ఉంటుంది గనక లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలయ్యేసరికి వయసు మీద పడిందనుకుంటారు. కాల్షియం సిట్రేట్ రకమైతే ఆమ్లం తక్కువగా ఉన్నా ఒంటికి పడుతుంది. కాల్షియాన్నీ ఐరన్‌నీ కలిపి వేసుకోకూడదు, రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్‌తో కాఫీ, టీ వద్దు.

ఆగని వాంతులు వచ్చాయంటే కడుపు సంగతే కాదు, మెదడు సంగతి కూడా ఆలోచించాలి. బీ1, అంటే థయమిన్, కొన్ని వారాల్లోనే అడుగంటుతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటలో గందరగోళం దాకా వస్తే ఆలస్యానికి శాశ్వతంగా మూల్యం చెల్లించాలి. ఆ స్థితిలో గ్లూకోజు సీసా ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. చిన్న క్లినిక్కుల్లో "నీరసంగా ఉంది, ఒక సీసా పెట్టండి" అనే మన అలవాటు తెలిసిందే కదా.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్లకి పనికిరావు. పేగు అతికిన చోట పుండు పడుతుంది. సిగరెట్టు కూడా అదే పని చేస్తుంది. పారాసిటమాల్ నయం. ఇక షుగరు, బీపీ మాత్రల మోతాదు ఆసుపత్రిలో ఉండగానే మారిపోతుంది. బరువు తగ్గక ముందే, రోజుల్లోనే షుగరు దిగిపోవడాన్ని అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో రాసిన వ్యాసంతో లోకం గట్టిగా పట్టించుకుంది. నా ఇన్సులిన్ డిశ్చార్జి నాటికే ఆగింది. అయినా మూడు నెలల చక్కెర పరీక్ష మానలేదు. కొందరికి ఏళ్లు గడిచాక షుగరు తిరిగి వస్తుంది, ముఖ్యంగా చాలాకాలంగా ఉన్నవాళ్లకి.

8. జుట్టు ఊడుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా దువ్వెన నిండా వస్తుంది. తలనూనెలు మార్చకండి, షాంపూలకి డబ్బు తగలేయకండి. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ మొలుస్తుంది. ఏడాది దాటినా ఆగకపోతే రక్తపరీక్ష. అలాగే వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం ఎక్కువ. మొదటి ఆరునెలలకి దానికో మాత్ర రాస్తారు, మానకండి.

9. "ఇంకొక్కటి, నా మాట మీద."

పెళ్లిభోజనం ఈ ఆపరేషన్‌కి అసలైన పరీక్ష. మన మర్యాదంతా కొసరడంలోనే ఉంది. వద్దన్నకొద్దీ వేస్తారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి నెయ్యి పోస్తారు. తినకపోతే వంట బాగాలేదనో, మనసులో ఏదో పెట్టుకున్నామనో అర్థం చేసుకుంటారు. మా పెద్దాడబిడ్డ కూతురి పెళ్లిలో నేను రెండు చెంచాల పప్పు, పనీర్ ముక్కలు నాలుగు తిని లేచేసరికి వియ్యపురాలు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసింది. "వదినగారూ, మా వల్ల లోపం జరిగిందా?" అంది.

బఫే అయితే సులువు. చేతిలో ప్లేటు పట్టుకుని తిరుగుతుంటే ఎవరూ లెక్కపెట్టరు. పంక్తిలో అయితే వడ్డించేవాడు రాకముందే పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పి పెట్టుకోండి. "కడుపు ఆపరేషన్ అయింది" అంటే చాలు, ఆ మాటకి మనవాళ్లు భయపడతారు. ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. విస్తట్లో వదిలేయడం పాపమన్న బెంగ ఉన్నవాళ్లు ముందే మనవడికో మనవరాలికో ఆనుకుని కూర్చోవాలి.

తగ్గాక వచ్చే మాటలు ఇంకో రకం. "అయ్యో, ఇలా చిక్కిపోయావేమిటి, షుగరా?" అన్నది మొదటిది. దాని వెనకే "కోయించుకున్నావుగా, కష్టపడకుండా తగ్గావు." మొదటిదానికి నవ్వుతాను. రెండోదానికి జవాబివ్వను. అడిగిన మనిషిని మా ఇంట్లో ఒక రోజంతా నాతో కూర్చుని నా తిండి తినమని మాత్రం ఓసారి అన్నాను. మధ్యాహ్నం దాకా ఉండలేదు.

10. కొన్ని మాటలు పెళ్లీడు పిల్లలకీ, కుర్రాళ్లకీ.

పీసీఓడీ ఉన్న అమ్మాయిలకి బరువు తగ్గగానే నెలసరి సరిపడుతుంది, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగమంటారు, ఒళ్లు కరుగుతున్న కాలంలో కడుపులో బిడ్డకి పోషణ చాలదు కాబట్టి. బైపాస్ అయినవాళ్లకి గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు, వేరే దారి అడగాలి. గర్భం వచ్చాక షుగరు చూడడానికి గ్లూకోజు నీళ్లు తాగించే పరీక్ష బైపాస్ అయినవాళ్లకి సరిపడదని లేడీ డాక్టరుకి ముందే చెప్పాలి. అత్తవారింట్లో ఈ ఆపరేషన్ సంగతి దాచిన పెళ్లి ఒకటి నాకు తెలుసు. ఆ పిల్ల మాత్రలు కూడా దాచుకోవాల్సి వచ్చింది, దాస్తూ దాస్తూ మానేసింది. దాచకండి.

కుర్రాళ్లకి మందు సంగతి. బైపాస్, స్లీవ్ రెండింటి తర్వాతా ఎక్కడం వేగంగా ఎక్కుతుంది. మునుపు మూడు పెగ్గులు తట్టుకున్నవాడు ఒకదానితోనే బండి తోలలేని స్థితికి వస్తాడు. అంతకంటే పెద్ద ప్రమాదం, తిండిలో వెతుక్కున్న ఓదార్పుని సీసాలో వెతుక్కోవడం. వ్యసనం ముప్పు ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత పెరుగుతుందని డాక్టర్లే హెచ్చరిస్తారు. మావాడి స్నేహితులు "చిన్నదే" అంటారు. వాడు మజ్జిగ తాగుతాడు, వాళ్లు ఎగతాళి చేస్తారు, నా దగ్గరికొచ్చి చెప్పుకుంటాడు.

వేలాడే చర్మం గురించి అద్దం ముందు ఏడ్చేవాళ్లుంటారు. చేతులు, పొట్ట, తొడలు. వ్యాయామంతో కండ బిగుస్తుంది, చర్మం అంతగా బిగియదు. బరువు నిలకడయ్యాక ప్లాస్టిక్ సర్జరీ ఉంది, కావాలనుకున్నవాళ్లకి. నేను పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను.

11. బరువు కొన్నాళ్లు ఆగుతుంది, కొంత తిరిగి వస్తుంది.

మూడో వారంలోనే ఒకసారి కాటా కదలడం మానేస్తుంది. కంగారు పడి తిండి ఇంకా తగ్గించకండి. వారానికోసారి చూసుకుంటే చాలు. ఏడాది, ఏడాదిన్నరకి అతి తక్కువ బరువుకి చేరతారు, ఆ తర్వాత కొన్ని కిలోలు ఎక్కడం చాలామందిలో జరిగేదే. ఎక్కువ కిలోలు ఎందుకు ఎక్కుతాయంటే నాకు తెలిసిన కారణం ఒకటుంది. అన్నం ముద్ద అడ్డుపడుతుంది గానీ జంతిక అడ్డుపడదు. చేగోడీలు, మిక్చరు, బిస్కట్లు, ఐస్‌క్రీమ్ నోట్లో నానిపోయి ఎంతయినా దిగిపోతాయి. భోజనం బాధపెడుతుంది, చిరుతిండి సుఖంగా ఉంటుంది. అలా గంటకింత తింటూ పోతే కడుపు చిన్నదయినా రోజు లెక్క పెద్దదవుతుంది. మూడు పూటలు కూర్చుని, కంచం పెట్టుకుని తినండి. చేత్తో డబ్బా పట్టుకుని టీవీ ముందు కూర్చోవద్దు. పెరిగిందని సిగ్గుపడి చెకప్‌లు ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. పెరిగినప్పుడే వెళ్లాలి. ఇప్పుడు వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లూ మన దేశంలో దొరుకుతున్నాయి, అవసరమైనవాళ్లకి వాటిని కూడా కలుపుతున్నారు.

12. పర్సులో ఒక కార్డు పెట్టుకోండి. ఎక్కడైనా స్పృహతప్పి పడిపోతే పక్కన ఉన్నవాళ్లకి మన కడుపు చరిత్ర తెలియదు. నా కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఇలా రాసి ఉంది: గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. ముక్కులోంచి గొట్టం చూడకుండా వేయొద్దు. డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు. గ్లూకోజుకి ముందు థయమిన్ ఇవ్వండి. ఫోన్: కోడలిది.